ఘాట్ ఎక్కేముందు నాంపల్లిలో క్లచ్ పరీక్ష

ఈసారి శ్రీశైలం ఘాట్‌లో కారు తానే నడుపుతానని మా ఆవిడ సుజాత పట్టుబట్టింది. లైసెన్సు చేతికొచ్చి ఆరు నెలలు. సరేనన్నాను. ఇంతలో కారు మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి ముందుకు పోదు. చాదర్‌ఘాట్ వంతెన మీద కాలిన వాసన కూడా వచ్చింది. "నీ డ్రైవింగుకి నా క్లచ్ బలైపోయింది" అనేశాను. ఆమె తాళాలు నా ముందు పెట్టి, ఇక నడపనంది.

శనివారం ఎనిమిదిన్నరకు ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి, కోఠి, ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ వెనక సందులో మెకానిక్ యాదగిరి షెడ్డుకు చేరేసరికి తొమ్మిదిన్నర. మీరు వెళ్తే ఇంకాస్త పెందరాళే వెళ్లండి. ఆయన బానెట్ ఎత్తలేదు. హ్యాండ్‌బ్రేక్ లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాడు. బాగున్న క్లచ్ అయితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలట. మాది హాయిగా తిరుగుతూనే ఉంది. ప్లేటు అరిగిపోయిందన్నాడు. ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాను, నాకు తెలియదా, ఈమె కొత్త అని అందుకున్నాను. ఎందుకు అరిగిందో చూడకుండా ఆయన కొత్త ప్లేటు వేయడట. నడిపేవాళ్ల పక్కన కూర్చుని ఒక రౌండు తిరగాల్సిందే.

మొదట, ఆయన మాట కాదనలేక, సుజాత మొజంజాహీ మార్కెట్ దాకా నడిపింది. యాదగిరి రోడ్డు చూడలేదు, ఆమె ఎడమకాలే చూశాడు. నేను వెనక సీట్లో తీర్పు కోసం కాచుకున్నాను. ఆయన నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమని, ఆబిడ్స్ మీదుగా పోనివ్వమన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగాం.

"సార్, బండి ఆగే ఉన్నది గదా. మీ కాలు ఏడున్నది?"

చూసుకున్నాను. క్లచ్ మీదే ఉంది.

"మేడం గేరు మార్చంగనే కాలు కింద పెడుతున్నది. మీరు అసలు తీస్తనే లేరు, బండి పోతున్నా సగం తొక్కే ఉంచుతున్నరు. ప్లేటు గిట్లనే అరుగుతది."

న్యూట్రల్ చేసి కాలు కింద పెట్టాను. వెనక సీట్లో సుజాత అంతా వింటోంది. చాలా సిగ్గేసింది.

క్లచ్ సెట్టు, కూలీ కలిపి తొమ్మిది వేలు, బండి సాయంత్రం ఐదుకు ఇస్తానన్నాడు. మార్కెట్లో ఐస్‌క్రీమ్ తింటూ తప్పు నాదేనని ఒప్పుకున్నాను. "ఆ మాట కప్పు పట్టుకుని కాదు, తాళాలు పట్టుకుని చెప్పండి" అంది. ఐదున్నరకు షెడ్డు ముందు తాళాలు ఆమె చేతిలో పెట్టి, యాదగిరి వింటుండగానే మళ్లీ చెప్పాను. ఇంటికి ఆమే నడిపింది.

ఇరవై ఏళ్లలో నా పక్కన కూర్చుని నా కాలు చూసినవాళ్లు లేరు, నేనూ చూసుకోలేదు. అనుభవం అనుకున్నదాంట్లో సగం అలవాటే. మీకు చెప్పేది ఒకటే: గేరు మార్చాక ఎడమకాలు కింద పెట్టండి, సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఉంచండి. మర్నాడు సుజాత ఘాట్ మొత్తం ఎక్కడా తడబడకుండా ఎక్కించింది. పక్క సీట్లో నా ఎడమకాలు మాత్రం ప్రతి మలుపులోనూ మ్యాట్‌ను తొక్కుతూనే ఉంది.