తొమ్మిది చుక్కలు

1986 ఆగస్టు, శనివారం. పొద్దున ఏడుంబావుకి మా ఆయన నన్ను మేముండే ట్రాయ్ నుంచి డెట్రాయిట్ బస్‌స్టేషన్‌కి తీసుకొచ్చారు. పాత పాటల లిస్టు పట్టుకుని ఒహాయో దాకా ఎవరైనా వెళ్తారా అని దారంతా వేళాకోళం. ఎవరో ఎందుకు, నేను వెళ్తాను.

పెళ్లయిన కొత్తలో రెండేళ్లు ఒహాయోలోని ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. ఆయన హాస్పిటల్ డ్యూటీకి వెళ్తే నాకు రేడియోనే తోడు. సాయంత్రం ఆ వారం మొదటి ముప్ఫై పాటలు, ఆ తర్వాత ఊరి జట్టు బేస్‌బాల్. ఆ పాటల పట్టిక అచ్చేసి రికార్డుల షాపులో ఊరికే ఇచ్చేవారు. దాని వెనక తెల్లటి వైపు నేను ఆట స్కోరు రాసేదాన్ని. గుంటూరులో మా అన్నయ్య క్రికెట్‌కి రాసే పద్ధతే: ప్రతి బంతికీ ఒక గుర్తు. స్ట్రైక్‌కి, అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన మంచి బంతికి చుక్క, కానిదానికి సున్నా. మూడు చుక్కలకి బ్యాటర్ ఔట్, ముగ్గురు ఔటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టు. ఎలా ఔటయ్యాడో రాస్తే చాలు కదా అని పొరుగావిడ మేరీ నవ్వింది. సిగ్గేసి కాగితాలన్నీ పెట్టె అడుగున పడేశాను.

ఆ మేరీయే మొన్న ఫోన్ చేసింది. రేడియోలో ఆట చెప్పే వాల్ట్ ఈ శనివారం రిటైరవుతున్నాడట. 1979లో మన పిచర్ ఒక ఇన్నింగ్స్‌లో తొమ్మిదే బంతులు వేసి, తొమ్మిదీ స్ట్రైకులతో ముగ్గుర్ని ఔట్ చేశాడని ఆయన ఏళ్లుగా చెబుతున్నాడు. టేపు లేదు. జట్టు పుస్తకంలో ముగ్గురూ ఔటని తప్ప బంతుల లెక్క లేదు. కోతలరాయుడని ఊరంతా ఆటపట్టిస్తోందట. నాకు ఒళ్లు మండింది. పెట్టె తీసి ఆ ఆట కాగితం వెతికి పట్టుకున్నాను.

ఎనిమిదింటికి బస్సు. తొమ్మిదిన్నరకి టొలీడోలో దిగి, కాఫీ తాగి, చీజ్ శాండ్‌విచ్ తిని, పదీ నలభైకి ఇంకో బస్సెక్కాను. నాలా వెళ్లేవాళ్లు అక్కడే తినండి, తర్వాత ఏమీ దొరకదు. పక్క సీట్లో ఎర్రటోపీ పెద్దాయన నా కాగితం చూసి, "ఆ రోజు నేను గ్రౌండ్‌లోనే ఉన్నాను. పది బంతులు" అన్నాడు. ఆట మధ్యలో స్టవ్ కట్టేయడానికి లేచి ఒక బంతి వినకుండా వదిలేశానా? దిగేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

పన్నెండుంబావుకి మేరీ కారులో ఎక్కించుకుంది. ఒంటిగంటకి ఆట. గ్రౌండ్‌లో చెక్కమెట్లెక్కి వాల్ట్ రేడియో గదికి వెళ్లాం. బక్కపలచని మనిషి, దళసరి కళ్లద్దాలు. ముందు పాటలు చూసి మురిసిపోయాడు. వెనక్కి తిప్పాక, జట్టు పుస్తకం పక్కన పెట్టుకుని ఆట మొత్తం సరిచూశాడు. ప్రతి ఔటూ, ప్రతి పరుగూ, ఏ బ్యాటర్ నాలుగు సున్నాలతో కొట్టకుండానే ఊరికే మొదటి బేస్‌కి నడిచాడో కూడా అన్నీ కలిశాయి. ఆ ఇన్నింగ్స్ దగ్గర మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు, ముగ్గుకి పెట్టినట్టు. ఒక్క సున్నా లేదు.

మైకు నా ముందుకి జరిపి, "నువ్వే చదువు" అన్నాడు.

నా గుంటూరు ఇంగ్లీషులోనే తొమ్మిదిసార్లు స్ట్రైక్ అన్నాను. కింద ట్రాన్సిస్టర్లు చెవికి పెట్టుకున్న జనం తొమ్మిదోది వినగానే లేచి నిలబడ్డారు. ఎర్రటోపీ ఆయన కూడా. వాల్ట్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్లూ నా మాట అందరూ విన్నారు. రాసుకున్నది నువ్వొక్కదానివే" అన్నాడు. కాగితం ఆయనకే ఇచ్చేశాను.

ఐదూ ఇరవైకి తిరుగు బస్సు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, గర్వంగానే. అమెరికా వచ్చి ఎనిమిదేళ్లు, ఏ ఊరూ నాదనిపించలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరు తొమ్మిదా పదా అని వాదించుకున్నా, నా చేతిరాతే తీసి చూడాలి.