ఓదెలు కాక టబ్బును వదిలెయ్యలేదు

వేడి చేసిన ఇప్పనూనె వాసన వస్తే నాకు ఇప్పటికీ అరికాలు జలదరిస్తుంది. మొన్న ఆదివారం పొద్దున నా భార్య ఆ నూనె కాచి గిన్నెలో తెచ్చి పెట్టింది. మా వరండాలో చాప మీద సదానందం బోర్లా పడుకుని ఉన్నాడు. పక్క క్వార్టరు పిల్లవాడు, బొగ్గుబాయిలో టబ్బులు, అంటే పట్టాల మీది ఇనప తొట్టి బండ్లు, నెట్టే పని. పెండ్లయి ఏడాది కూడా కాలేదు, నడుము మాత్రం ముసలివాడిది. "జర తొక్కు కాకా. నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టినవంట గదా, మా అమ్మ చెప్పింది" అన్నాడు. గోడ పట్టుకుని నిలబడ్డాను గానీ నా కాలు లేవలేదు. వాడు చాపలోకే ముఖం పెట్టి, "బాయిల అందరు నవ్వుతున్నరు కాకా. వీనికి ఓదెలు నడుము వచ్చిందంటున్నరు" అన్నాడు.

గోదావరిఖనిలో మా కాలనీ వరకు అది సామెత అయిపోయింది. పని ఎగ్గొట్టడానికి నొప్పి నటించేవాడిది ఓదెలు నడుము. ఆ మాట అనేవాళ్లలో చాలామంది ఓదెలును చూసినవాళ్లు కారు. "ఓదెలు ఎవరో ఎరుకేనా నీకు?" అని సదానందాన్ని అడిగాను. "ఎవడో పాతకాలం పనిదొంగనట. టబ్బు ఇడిసిపెట్టి ఎవనిదో కాలు నుగ్గునుగ్గు చేసిండంట" అన్నాడు. ఆ కాలు వాడి తల పక్కనే ఉంది. దానికి బొటనవేలూ, దాని పక్క వేలూ లేవు. ఓదెలు కాక టబ్బును వదిలెయ్యలేదు. ఆ మాట చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఇన్నేళ్లూ చెప్పలేదు.

బాయిలో నేను చేరిన కాలంలో బొగ్గు చేత్తోనే నింపేవాళ్లం. ఇద్దరిద్దరు జోడీ. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో, అంటే వెడల్పాటి పారతో, తట్టలోకి ఎత్తి టబ్బులో పోయడమే పని. జోడీ మనిషిని పై అధికారి నియమించడు, మనమే కుదుర్చుకోవాలి. జోడీ దొరకనివాడికి టబ్బు లేదు, టబ్బు లేనివాడికి కూలి లేదు. చేతులకు నాగలి కాయలు తప్ప వేరే ఏమీ లేని నన్ను, చీకట్లో అడుగు ముందుకు వెయ్యలేని నన్ను, ఓదెలు కాక పిలిచి జోడీ చేసుకున్నాడు. నేను ఆవేశంగా బొగ్గు మీద పడుతుంటే పార పట్టుకుని ఆపాడు. "అరేయ్ పోశం, బొగ్గుకు నీ మీద పగ లేదు. నువ్వెందుకురా దాని మీదికి కొట్లాటకు పోతున్నవ్? నడుముతోని కాదు, తొడలతోని లేపు. నడుము ఒక్కటే ఇచ్చిండు దేవుడు" అన్నాడు. పైకప్పు చప్పుడు వినడం, ఊపిరి ఆగకుండా తట్ట ఎత్తడం, ఇంటికి పోయేముందు ముఖం కడుక్కుని నవ్వడం, ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. "మన చీకటి మనతోనే ఉండాలె. ఇంటికి మోసుకపోవద్దు" అనేవాడు.

నాకంటూ ఒక పేరు రావడానికి కారణం మాత్రం ఆయన కాదు, నా పుట్టుక. తల ముందు కాకుండా కాళ్లు ముందు వచ్చి పుట్టాను. అలా పుట్టినవాడు తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని మా వైపు నమ్మకం. ఆ సంగతి తెలిశాక ఆదివారాలు నా గుడిసె ముందు మనుషులు వరుసగా బోర్లా పడుకునేవారు. చాలామందికి నిజంగానే హాయిగా ఉండేది. "ఎదురుకాళ్ల పోశం" అంటే బొగ్గు నింపడంలో పేరున్న పెద్ద పెద్ద ఫిల్లర్లు కూడా జరిగి చోటిచ్చేవారు. నా వయసువాడికి అంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? తొక్కీ తొక్కీ నా అరికాళ్లకు వీపుల సంగతి తెలిసిపోయింది. అలసిన నడుము మొదట గట్టిగా ఉండి, కాసేపటికి పిండి ముద్దలా మెత్తబడుతుంది.

ఓదెలు కాకది మెత్తబడలేదు. ఒక వానాకాలం ఆయన తట్ట దింపి లేవబోతూ సగంలో ఆగిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, తొడల మీదుగా చేతులతో ఎక్కుతున్నట్టు, తనను తానే పైకి నెట్టుకున్నాడు. "ఏందే ఓదెలన్నా, తొడలు కొలుస్తున్నవా? లాగు కుట్టిస్తవా?" అని పక్క జోడీవాళ్లు నవ్వారు. "మీ అందరికి కుట్టిస్త, నిలబడున్రి" అని ఆయనా నవ్వాడు. అది మొదలు ఆ నొప్పి పోలేదు. చేతులు ఇనుములా ఉన్నాయి, కాళ్లు ఇనుములా ఉన్నాయి, అందుకే ఎవరూ నమ్మలేదు. ఆదివారం నేను పాదం పెడితే వెన్నుకు ఎడమవైపు కండ చెక్కలా బిగిసి ఉండేది. పడుకున్నా, ఊపిరి వదిలినా, నిద్రపట్టినా అది విడిచేది కాదు. కుడివైపు నడుము దగ్గర అసలు కండే తెలిసేది కాదు. తడిసిన ఖాళీ గోనెసంచి మీద కాలు పెట్టినట్టు ఉండేది. నెలలు గడిచేకొద్దీ ఆ ఖాళీ పెరిగింది. లేచి కూర్చుని, "హాయిగున్నదిరా" అనేవాడు. నన్ను చిన్నబుచ్చకూడదని అంటున్నాడని నాకు తెలుసు. నేనూ నమ్మినట్టే ఉండేవాణ్ని.

చివరికి బాయి పైన పని ఇప్పించమని అడగడానికి దవాఖానకు పోయాడు. తోడు నేనే పోయాను. డాక్టరు మంచివాడు. ఎముకల ఫొటో దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. "ఎముకకు ఏమీ కాలేదు. కానీ నొప్పి పాతదైతే నడుము కండలు తమ పని మరిచిపోతాయి. కొన్ని ఎప్పుడూ బిగిసే ఉంటాయి, కొన్ని ఎండిపోతాయి. అవి ఈ ఫొటోలో కనబడవు. నేను నొక్కితే ఇతను ఒళ్లంతా బిగపడుతున్నాడు, నాకేం తెలియడం లేదు" అని నావైపు తిరిగాడు. "ఇతని వీపు తొక్కేది నువ్వేనట కదా. నీ కాలి కింద ఎలా ఉంటుంది? తొక్కాక విడుస్తుందా?" అని అడిగాడు.

గది తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద మా బాయివాళ్లే కూర్చుని, మెడలు చాపి వింటున్నారు. విడవదు అంటే నా కాలికి మహిమ లేదని నా నోటితో నేనే చెప్పినట్టు. "విడుస్తది సార్. నిన్న గూడ తొక్కిన, మంచిగైంది" అన్నాను. డాక్టరు కాకను చూసి, "నిజమేనా?" అన్నాడు. కాక నన్నే చూశాడు. "అయితున్నది సార్, మెల్లగ" అన్నాడు. పైపనికి చీటీ ఇవ్వకుండా మాత్రలు, కొన్నాళ్ల విశ్రాంతి రాసిచ్చి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు డాక్టరు. దారిలో కాక ఒకచోట ఆగాడు. బీడీ ముట్టించుకుని, "వాన పడెటట్టున్నది" అన్నాడు. దవాఖానకు మళ్లీ పోనూ లేదు.

విశ్రాంతి అయిపోయి పనికి దిగిన కొద్ది రోజులకే, నింపిన టబ్బు ఒకటి పట్టాలు దిగింది. అలా దిగితే ఇద్దరు దానికి వీపులు ఆనించి, మోకాళ్లు వంచి, ఒక కొసను పైకి లేపుతారు. మూడోవాడు గడ్డపారతో చక్రాన్ని పట్టా మీదికి తోస్తాడు. గడ్డపార నా చేతిలో ఉంది. కాక టబ్బును చూసి, "నాతోని కాదేమోరా. ఇంకొకన్ని పిలువు" అన్నాడు. నవ్వుతూ అన్నాను: "నేను తొక్కిన నడుమే గదా కాకా, ఏంగాదు." అందరూ నవ్వారు. "ఎదురుకాళ్లోడు గ్యారంటీ ఇచ్చిండే!" అన్నారెవరో. ఆ నవ్వుల మధ్య కాక, పక్క జోడీవాడొకడు టబ్బుకు వీపులు ఆనించారు. కొస లేచింది. నేను కాలు ముందుకు పెట్టి గడ్డపార దూర్చాను. నా దీపం వెలుగు ఆయన ముఖం మీదే ఉంది. ఆయన దవడలు బిగిశాయి, తొడలు వణకలేదు, చేతులు జారలేదు. నడుము మాత్రం మధ్యలో, తాడు తెగినట్టు, ఒక్కసారిగా కుంగిపోయింది. టబ్బు నా కాలి మీదికి దిగింది.

దవాఖానలో ఉండగా మా పని చూసే సర్దారు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "పైపని ఇయ్యలేదని కోపంతోని ఇడిసిపెట్టిండంటున్నరు. నువ్వు ఎదురుంగ ఉంటివి. నిజమేనారా?" అని అడిగాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏదైనా చెప్పాలంటే డాక్టరు గది దగ్గర్నుంచి చెప్పాలి. దాన్నే ఆయన అవుననుకున్నాడు. అంతే, కాకతో జోడీ కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గొడవపడలేదు. రోజూ వచ్చేవాడట, తట్టా చెమ్మస్ ముందు పెట్టుకుని బాయి నోటి దగ్గర కూర్చునేవాడట, షిఫ్టు దిగిపోయాక ఇంటికి పోయేవాడట. కొన్నాళ్లకు రావడం మానేసి, భార్యతో కమాన్‌పూర్ అవతల ఉన్న తన పల్లెకు వెళ్లిపోయాడు. కాలి వేళ్లు పోయినందుకు నాకు బాయి పైన, దీపాల గదిలో పని దొరికింది. అది ఆయన అడిగిన పని.

ఆయన్ను చూడడానికి పోయే ధైర్యం నాకు చాలా ఏళ్లకు గానీ రాలేదు. నులకమంచం మీద పక్కకు తిరిగి ఉన్నాడు. నన్ను చూడగానే, "కాలు ఎట్లుందిరా?" అని అడిగాడు. కాక భార్య, మా చిన్నమ్మ, ఇప్పనూనె కాచి తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది. "జర తొక్కు" అన్నాడు కాక. కింద చాప మీదికి దింపి, వేళ్లు లేని ఆ పాదమే మెల్లగా పెట్టాను. కుడివైపు కండ లేదు. నా అరికాలికి నేరుగా ఎముకే తగిలింది. ఎడమవైపు అదే చెక్క, అన్నేళ్ల తర్వాత కూడా విడవకుండా. కాలు తీసేశాను.

"ఏందిరా, తీసినవ్?" అన్నాడు.

"నాతోని తగ్గది కాకా."

"గది నాకెరుకే. గప్పుడు నీకు గూడ ఎరుకే గదరా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా భరించేవాణ్నేమో. ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. కబురు నాకు ఆలస్యంగా అందింది.

తర్వాత నేనెవరినీ తొక్కలేదు. దీపాల గది కిటికీలోంచి షిఫ్టు షిఫ్టుకూ దీపాలు అందిస్తుంటాను. ఒక్కొక్కరూ ఆ బరువైన బ్యాటరీని బెల్టుతో నడుముకు కట్టుకుంటారు. ఎవడు బెల్టు వదులుగా పెడుతున్నాడో, కింద పడ్డ తన నంబరు బిళ్లను ఎవడు తొడ మీద చెయ్యి ఆనించి తీసుకుంటున్నాడో నా కళ్లకు వద్దన్నా కనబడుతుంది. సదానందం అలా తీసుకోవడం నెలల కిందటే చూశాను. చూసి, దీపం అందించాను.

ఆదివారం వాడి పక్కన కింద కూర్చుని వీపు మీద అరచెయ్యి పెట్టాను. ఎడమవైపు చెక్క. కుడివైపు ఖాళీ ఇంకా మొదలైనట్టు లేదు. "లే, అంగి తొడుక్కో. దవాఖానకు పోదాం, నేను గూడ వస్త" అన్నాను. "డాక్టరు అడిగితే ఏం చెప్పాలె కాకా?" అన్నాడు వాడు. దారి పొడుగునా చెప్పాను. డాక్టరు గది దగ్గర్నుంచి మొదలుపెట్టి, టబ్బు దాకా, నేను తిరిగి పడుకున్న గోడ దాకా, ఆ నులకమంచం దాకా చెప్పాను. వాడు మధ్యలో ఒకచోట ఆగి నా కాలివైపు చూశాడు. తర్వాత మేమిద్దరం పక్కపక్కనే నడిచాం గానీ, వాడు నన్ను కాకా అని మళ్లీ పిలవలేదు.