మాస్టారు మళ్ళీ మళ్ళీ లెక్కగట్టిన భూకంపం

మాకు భూభౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు మొన్న మంగళవారం రాజమండ్రిలో పోయారు. కబురు అందేసరికి నేను కొవ్వూరు వంతెన మీద బస్సులో ఉన్నాను. ఆయన ఇంటికి చేరేసరికి గుండె ఆగి రెండు గంటలైందన్నారు.

ఆయనది సముద్రం ఒడ్డు పల్లె, చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ చదువు చదివింది ఆయనొక్కరే. ఎక్కడో భూమి పగిలితే, వేల మైళ్ళ అవతలి భూకంప యంత్రాలు గీసిన గీతలు తెప్పించి, ఆ పగులు ఎంత పొడవుందో, ఎటు సాగిందో మాచేత లెక్క కట్టించేవారు. పగులు ఇలా ఉండొచ్చని ఊహించి, దాన్నుంచి వచ్చే అల గీయాలి, అసలు గీతతో పోల్చాలి. కుదరకపోతే చెరిపి మళ్ళీ మొదలు. "దగ్గరి యంత్రం అదిరిపోతుందమ్మా. దూరపుదే నిదానంగా చెబుతుంది" అనేవారు. కాగితం అంచున 'తెలియనివి' అని రాసి, అవేంటో కింద రాయనిదే దిద్దేవారు కాదు. ఇవాళ నేను పాఠం చెప్పే క్లాసులో "నాకు తెలియదు" అని సిగ్గుపడకుండా అనగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ పట్టుదల ఎందుకో చాలా ఏళ్ళకి ఆయనే చెప్పారు. 2004లో సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్నే పల్లె నుంచి తమ్ముడు ఫోన్ చేశాడట.

"అన్నయ్యా, మంచాలు ఊగాయి. వల లాగడానికి ఒడ్డుకెళ్ళొచ్చా?"

అప్పటికి అందిన కాస్త గీత చూసి, "ఎక్కడో దూరంలోది రా. భయం లేదు, వెళ్ళు" అన్నారు మాస్టారు.

తమ్ముడి శవం మూడో రోజు దొరికింది.

తర్వాత ఇరవయ్యేళ్ళు ఆయన ఆ ఒక్క భూకంపాన్నే తిరగదోడారు. ఆఖరి లెక్కకి నేను సాయం కూర్చున్నాను. గీతలు కుదిరాయి. పగులు నిమిషాల తరబడి ఉత్తరానికి సాగుతూనే ఉంది. అంత పొడవునా పగిలింది కాబట్టే అల మన ఒడ్డుదాకా వచ్చింది. మొదటి కాస్త గీతలో అది కనిపించదు.

"అప్పుడది ఎవరికీ తెలిసే వీల్లేదండి మాస్టారూ" అన్నాను.

"తెలియదని చెప్పొచ్చు కదమ్మా" అన్నారు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని పల్లెకి వెళ్ళారు. తమ్ముడి భార్య పాత వల పరిచి చేపలు ఎండబెడుతోంది. మాస్టారు నిలబడే, ఆ ఫోన్ మాట ఆమెకి చెప్పేశారు. ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"నే వద్దన్నా వినకుండా ఎళ్ళాడని, ఇన్నేళ్ళూ మీ తమ్ముణ్ణే తిట్టుకున్నానండి బావగారూ" అంది.

కూర్చుని చేపలు తిరగేయసాగింది. కాసేపటికి మాస్టారు కూడా చెప్పులు విడిచి, అవతలి వరస దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఎండ నడినెత్తికొచ్చేదాకా ఇద్దరూ ఒక్కో చేపనీ తిప్పుతూనే ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.