చిప్ పీకేశాక తిరిగిన మగ్గం

దయ్యాలంటే నాకు భయం లేదు, వాటి పేరెత్తేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండేది. హిందూపురంలో కంప్యూటర్ బోర్డులు బాగుచేసే షాపు నాది. యంత్రం పిచ్చిగా ప్రవర్తించిందంటే లోపల ఎవడో అలా రాసిపెట్టాడని అర్థం. ఇప్పుడూ అదే అంటాను. అక్క చేతి సంగతికి మాత్రం ఆ మాట సరిపోదు.

అక్కావాళ్లది ధర్మవరం. పట్టుచీరలు నేసే మరమగ్గం మీదే వాళ్ల ఇల్లు గడిచేది. డిజైన్ ప్రకారం దారాలను పైకి లేపడానికి మగ్గం మీద ఒక కంప్యూటర్ పెట్టె ఉంటుంది. పాతది చెడిపోతే బావ పెనుకొండలో ఒక వ్యాపారి దగ్గర వాడిన పెట్టె కొన్నాడు.

మొదటి చీర కొంగులోనే, నెమళ్ల మధ్య ఒక మొహం పడింది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మొహం. డిజైన్‌లో అది లేదు. రెండో చీరా అలాగే పాడైంది. బావ నన్ను పిలిచాడు.

ఆ పెట్టెలోని చిప్‌లో ఉన్న ప్రోగ్రామును నా లాప్‌టాప్‌లోకి తీసి చూశాను. మొహం అందులోనే దొరికింది. తయారుచేసిన చోట ఎవడో తమాషాకి దాచాడు. ఇంటి కూడు పోగొట్టే తమాషా! నేరుగా పెనుకొండ పోయి ఆ వ్యాపారిని కాలర్ పట్టి గోడకేసి కొట్టాను.

"నాకేం తెలుసప్పా, దాని లోపల నేను యాడ చూసింటాను?" అని ముక్కులోంచి రక్తం కారుతుంటే ఏడ్చాడు. జనం లాగకపోతే ఇంకా తన్నేవాణ్ణి.

తిరిగొచ్చి ఆ భాగం చెరిపేసి మగ్గం నడిపాను. మొహం మళ్లీ పడింది. ఈసారి నోరు ఇంకా పెద్దగా తెరుచుకుని ఉంది.

ఇక లాభం లేదని చిప్పే పీకేశాను. మగ్గం వైరు కూడా గోడనుంచి తీసి కింద పడేశాను. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో అందరం ఉన్నాం. కొన్ని దారాలు తెగి వేలాడుతున్నాయి. పట్టుదారం తెగితే ముడి వేసేదాకా అక్కకు మనసు నిలవదు.

"కరెంటు తీసినావా?" అంది.

"తీసినా. చెయ్యి పెట్టక్కా" అన్నాను.

పెట్టింది. మగ్గం తిరిగింది. దారాన్ని గుద్దే బరువైన చట్రం ఆమె కుడిచేతి వేళ్ల మీద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ పడింది, మళ్లీ పడింది. బావ గడ్డపారతో మోటారు పగలగొట్టాక గానీ ఆగలేదు. పట్టంతా రక్తం. చిప్ నా గుప్పిట్లోనే ఉంది, వైరు నా కాళ్ల దగ్గరే ఉంది.

ఆసుపత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు.

"నువ్వు వైరు పీకలేదురా! పీకింటే అదెట్ల తిరుగుతాది?" అని బావ వరండాలోనే నా దవడ పగలగొట్టాడు. నేను అడ్డుకోలేదు. మోటారులో మిగిలిన కరెంటు అని కొందరన్నారు. అది ఒక్క దెబ్బకు కూడా చాలదని నాకు తెలుసు. మరి ఏం తిప్పిందో తెలియదు.

పోయిన వారం వెళ్తే అక్క గ్రైండర్ ఆపి, వైరు తీసి ప్లగ్గు నా చేతికే ఇచ్చింది. "పిండి తీసిపెట్టప్పా" అంది.

ప్లగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రెండో చెయ్యి లోపల పెట్టలేకపోయాను. అక్క మిగిలిన చెయ్యి పెట్టి తానే పిండి తీసింది.