ప్రేమమణి ఆపిన కంటెయినర్లు

ప్రేమమణి పంతొమ్మిదేళ్లు ఒకే ఆఫీసులో పని చేసింది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర మేడ మీద రెండు గదులు. యజమాని పేరు బ్రహ్మచారి; ఓడల్లో వచ్చే విదేశీ సరుకుకు కస్టమ్స్‌లో కాగితాలు పెట్టి విడిపించే ఏజెంటు. కాకినాడ నుంచి పెళ్లితో సికింద్రాబాద్ వచ్చిన ప్రేమమణి అక్కడ టైపిస్టుగా చేరి, తర్వాత కస్టమ్స్ పరీక్ష రాసి, ఏజెంటు తరఫున సంతకం పెట్టే అధికారం తెచ్చుకుంది. కాగితంలో ఒక్క అంకె తేడా ఉన్నా పట్టుకునేది.

2010 జూలైలో ఒక మధ్యాహ్నం హనీఫ్ ఆఫీసుకు వచ్చాడు. బన్సీలాల్‌పేటలో అతనికి చిత్తు కాగితాల గోదాము ఉంది. ఏరించి, కట్టలు కట్టించి కాగితం మిల్లులకు పంపుతాడు. ఆ ఏడు మొదటిసారి విదేశం నుంచి ఐదు కంటెయినర్ల చిత్తు కాగితం తెప్పిస్తున్నాడు. ఒకటి బ్రహ్మచారి ఆఫీసు పెట్టిన కాగితాల మీద విశాఖ రేవులో విడుదలై గోదాముకు చేరింది. తక్కిన నాలుగు ఓడలో దారిలో ఉన్నాయి.

"మేడమ్, జెర మా గోదాముకు రండి," అన్నాడు. "ఏందో గడబడ ఉంది. ఫోన్ల చెప్పేది కాదు."

ఆటోలో ఇద్దరూ వెళ్లారు. గోదాములో కట్టలు విప్పి ఉన్నాయి. పైపైన పాత పత్రికలు. వాటి కింద వాడి పారేసిన సెలైన్ సంచులు, సూదులు, నలిపేసిన బ్యాటరీలు, నల్లటి పొడి. గుమ్మం దగ్గర జైనాబీ తడిగుడ్డ కళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. పదేళ్లుగా అక్కడ కాగితాలు ఏరే మనిషి.

"కట్ట కోస్తే పొడి ఎగిరిందమ్మా," అంది. "పొద్దుగాల సంది మంట. ఎంత కడిగినా పోతలేదు."

ప్రేమమణి ఆమెను అదే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు పైపు కింద కళ్లు మళ్లీ కడిగించి, "ఏం పొడి ఇది?" అని అడిగాడు. తెలియదని చెప్పింది ప్రేమమణి. ఆ సరుకు చిత్తు కాగితమేననీ, ప్రమాదకరమైనదేదీ అందులో లేదనీ రాసిన కాగితం మీద సంతకం ఆమెదే.

మర్నాడు బ్రహ్మచారికి చెప్పింది. ఆయన తలుపు మూశాడు.

"ఆ నాలుగూ రానివ్వండి. విడిపించి అతనికి అప్పజెబుదాం. ఆ పైన అతని తిప్పలు."

"అవి కూడా ఇలాంటివే అయితే, సార్?"

"సంతకం మీది, లైసెన్సు నాది. నోరు విప్పారంటే ఇద్దరం రోడ్డున పడతాం. ఆలోచించుకోండి."

హనీఫ్ సరుకు అమ్మినవాడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. కాగితాల్లో అమ్మినవాడిది ఒక దేశం, ఓడకెత్తిన రేవు ఉత్తర ఐరోపాలో మరో దేశంలోది. ఇది ఎవరి చెత్తో తేలకపోతే వెనక్కి పంపడం కుదరదని ప్రేమమణికి తెలుసు.

ఆదివారం చర్చి అయ్యాక గోదాముకు వెళ్లి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని కట్టలు వెతికింది. ఒక సెలైన్ సంచి మీద ఆసుపత్రి పేరు, వీధి, ఊరు అచ్చయి ఉన్నాయి. ఓడకెత్తిన రేవుకు దగ్గరి ఊరే అది. సోమవారం స్టేషన్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆ దేశంలో వ్యర్థాల రవాణాను తనిఖీ చేసే కార్యాలయానికి ఫోటోలతో ఉత్తరం పంపింది. రెండోది విశాఖ కస్టమ్స్‌కి. నాలుగు కంటెయినర్లను ఆపమనీ, ముందే విడుదలైనదానికి తాను పెట్టిన సంతకం తప్పనీ అందులో రాసింది.

ఇంటికొచ్చి భర్త ప్రభుదాసుకు చెప్పింది. ఆయన రైల్వేలో గుమాస్తా.

"నిన్నే పట్టుకుంటారేమో," అన్నాడాయన.

"పట్టుకోవచ్చు."

"మరి ఎందుకు రాశావు?"

"ఓడ శుక్రవారం చేరుతుందండి. అందుకని."

ఆ నాలుగు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఆఫీసులో ఫోన్ మోగితే చేతిలో పెన్ను ఆగిపోయేది. మెట్ల మీద బూట్ల చప్పుడైతే తనకోసమే అనుకునేది.

గురువారం జవాబు వచ్చింది. రాసింది అక్కడి ఇన్‌స్పెక్టరు, ఒక స్త్రీ. ఆ రేవు పక్కనే ఉన్న ఒక షెడ్డు మీద ఏడాదిగా తమకు అనుమానం ఉందనీ, ప్రతిసారీ ఓడ వెళ్లిపోయాకే తెలియడంతో రుజువు చిక్కలేదనీ రాసింది. కంటెయినర్ నంబర్లు, సీలు నంబర్లు వెంటనే పంపమంది. చివర ఒక మాట: షెడ్డులో చిన్న బ్యాటరీలు నలుపుతారు, ఆ పొడిలో గాఢమైన క్షారం ఉంటుంది, ఎవరి కళ్లలోనైనా పడితే డాక్టరుకు చెప్పండి. ప్రేమమణి ఆ ఉత్తరం అచ్చు తీసుకుని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరు చదివి, అక్కడే వార్డులో ఉన్న జైనాబీకి మందులు మార్చాడు.

శుక్రవారం ఓడ చేరింది. నాలుగు కంటెయినర్లనూ విశాఖలో ఆపేశారు. తర్వాతి వారం ప్రేమమణిని అక్కడికి పిలిపించారు. అధికారి మూడు గంటలు ప్రశ్నించాడు.

"చూడకుండా ఎందుకు సంతకం పెట్టావమ్మా?"

"అమ్మినవాళ్లు రాసిచ్చిందే నమ్మానండి. ఎప్పుడూ అంతే చేశాం."

ఆయన అదే రాసుకుని ఆమె చేత సంతకం చేయించాడు.

రేవులో నాలుగింటినీ తెరిచి ఫోటోలు తీసి పంపారు. వాటి ఆధారంతో ఆ దేశపు అధికారులు షెడ్డును సోదా చేశారు. దేశాల మధ్య ఒప్పందం ప్రకారం దొంగతనంగా పంపిన వ్యర్థాన్ని పంపిన దేశమే వెనక్కి తీసుకోవాలి. అయినా ఢిల్లీ నుంచి అక్కడికీ అక్కడి నుంచి ఢిల్లీకీ ఉత్తరాలు నవంబరు దాకా నడిచాయి. ఆ నెలాఖరున నాలుగూ ఓడెక్కాయి.

ఈలోగా బ్రహ్మచారి ఆమెను పనికి రావొద్దన్నాడు. ఆరు నెలలు సంతకం చేసే అధికారమూ పోయింది. అది తిరిగి వచ్చాక సైనిక్‌పురిలో మరో ఏజెంటు దగ్గర చేరింది. జైనాబీకి కుడి కన్ను తేరుకుంది. ఎడమ కంటి మీద తెల్లటి మచ్చ ఉండిపోయింది. గోదాము మానేసి ఇంటి ముందు కూరగాయలు పెట్టుకుంది.

మొదటి కంటెయినర్ సరుకు మాత్రం హనీఫ్ గోదాములోనే, తాళం మీద సర్కారు సీలుతో ఉండిపోయింది. విడుదలయ్యాక తెరిచింది కాబట్టి తమదని ఎలా నమ్మాలని అవతలి దేశం అడిగింది. వానొస్తే నీళ్లు లోపలికి పోతాయేమోనని చుట్టుపక్కలవాళ్లు భయపడేవారు. ప్రేమమణి నెలనెలా ఆ ఇన్‌స్పెక్టరుకు రాస్తూనే ఉంది.

చివరికి ఆ దేశం ఒప్పుకుంది; 2012 ఫిబ్రవరిలో సరుకును రేవుకు తీసుకెళ్లే లారీ వచ్చింది. ప్రేమమణి సెలవు పెట్టి వెళ్లింది. ముసుగులు వేసుకున్న మనుషులు సాయంత్రం దాకా ఎత్తారు.

"మళ్లా ఇటే వాపస్ పంపరు కద, మేడమ్?" అన్నాడు హనీఫ్.

"పంపరనే అనుకుంటున్నాను, భాయ్," అంది ఆమె. లారీ సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.