కరిగించే ముందు ఒక్కసారి

ప్రొద్దుటూరులో వెండి కరిగించే కమాల్ బాషాకు ఒక్కటే పిచ్చి. ఏ సామాను తెచ్చినా సరే, అది ఏ పనికి పుట్టిందో ఆ పని దానితో ఒక్కసారి చేయించందే కొలిమిలో వేయడు.

చెంబు తెస్తే అందులో నీళ్లు తాగాలి. కుంకుమ భరిణె తెస్తే, తెచ్చినామె అక్కడే బొట్టు పెట్టుకోవాలి. ఒకాయన ఉగ్గుగిన్నె తెస్తే, ఉగ్గు తాగే బిడ్డ కోసం బాషా దాన్ని పట్టుకుని వీధంతా గాలించాడు. వెండి పిడి చేతికర్ర వచ్చిననాడు దాన్ని ఊపుకుంటూ ఎర్రగుంట్ల రోడ్డు దాకా వెళ్లొచ్చాడు. దారిలో ఇద్దరు, ఎవరో జమీందారనుకుని, దండం కూడా పెట్టారు. చంటిపిల్ల గజ్జెలు వస్తే, పిల్లలెవరూ దొరక్క మేకకు కట్టాడు. మేక చాపాడు ఊరి దిక్కుగా పరుగు లంకించుకుంది. మేక వెనక గజ్జెల ఆసామి, ఆసామి వెనక బాషా!

"ఏందప్పా ఈ చోద్యం?" అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు సిద్ధంగా ఉండేది.

"ఉరిశిక్ష పడినోన్ని గూడా కడాకు ఏం కావాల్నో అడుగుతారు. ఇన్నేండ్లు చాకిరీ చేసిన చెంబును అడగొద్దా?"

ఈ సంగతి తెలియక, అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు, జమ్మలమడుగు నుంచి వరమ్మ, ఆమె చెల్లెలు కమలమ్మ ఒక వెండి టీపాటు తెచ్చారు. ఒకే బస్సులో వచ్చారు గానీ, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. వాళ్లమ్మ ఒక ఇంగ్లీషు దొరసాని ఇంట్లో ఆయాగా చేసేది. దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిన టీపాటు అది. అమ్మ పోయాక అది ఎవరిదన్న దగ్గర పేచీ వచ్చింది. "పెద్దదాన్ని, నాది" అంది వరమ్మ. "కడదాకా అమ్మను చూసుకున్నదాన్ని, నాది" అంది కమలమ్మ. కరిగించి చెరిసగం పంచుకుందామని వరమ్మే తీర్మానించింది. బడి పంతులమ్మ కదా, భాగహారం మీద గురి ఎక్కువ. తీర్మానించిన నాటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. అది చెల్లెలితో చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ముందు ఇది వెండో కాదో చూడు మామా. మా అక్క మాట నేను నమ్మను" అంది కమలమ్మ.

బాషా టీపాటును బోర్లించాడు. అడుగున నడిచే సింహం ముద్ర. అంచులు అరిగినచోట చూస్తే రాగి బయటపడలేదు. గీటురాయి మీద గీసి, ఆ గీత మీద పరీక్ష మందు ఒక చుక్క వేసి చూశాడు.

"పూత గాదమ్మా, విలాయతీ వెండి. ఈ సింగం ముద్ర ఉంటే నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండే."

"అయితే కరిగించు" అంది వరమ్మ, గొంతు గట్టి చేసుకుని.

"కరిగిస్తా. కొలిమి రాజుకుంటాంది. ఈలోపల దీంట్లో టీ తాగాల."

"మాకొద్దు."

"మీకని గాదు తల్లీ, దానికి మర్యాద!"

ఆయన భార్య హజరాబీ టీ కాచి తెచ్చి టీపాటులో పోసింది. వరమ్మ దాన్ని కప్పు మీదికి వంచింది. మూతను పట్టి ఉంచే బందు ఎప్పుడో విరిగిపోయింది. ఆ సంగతి వరమ్మ మరిచేపోయింది. మూత జారబోయేంతలో ఎదుటి నుంచి కమలమ్మ వేలు వచ్చి దాన్ని అదిమిపట్టింది. చిన్నప్పుడు అమ్మ టీ పోస్తుంటే మూత పట్టుకునే పని ఆమెదే.

"కాలుతాదే!" అంది వరమ్మ.

"అప్పుడు గూడా కాలేది. అమ్మకు చెప్పలా."

"ఎందుకే?"

"చెప్తే ఆ పని నీకిస్తాదని."

వరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది. కమలమ్మ కూడా నవ్వింది, వేలు తీయకుండానే.

"కరిగించొద్దులే మామా. కొలిమి ఆర్పెయ్" అంది వరమ్మ.

"ఆర్పేదానికి నిప్పు యాడుండాది తల్లీ?" అంది హజరాబీ. "దాంట్లో కోడిని పొదగేసినాం."

వరమ్మ తొంగి చూసింది. కొలిమిలో కోడి ఆమెను కోపంగా చూసింది.

"మా ఆయన వరస ఇంతేనమ్మా" అంది హజరాబీ. "ఒకసారి వాడి చూసినాక శానామంది ఇంటికి ఎత్తకపోతారు. అప్పుడు గూడా కరిగించమన్నారంటే, వాళ్లకు నిజంగా గడవడంలేదని లెక్క. అప్పుడు కోడిని లేపుతాడు. వాళ్ల దగ్గర తరుగు కింద రవ్వంత వెండి గూడా పట్టుకోడు."

"మరి మీకెట్లా గడుస్తాది?" అంది వరమ్మ.

"కోడి ఉండాది గదా!"

బాషాకు సిగ్గు ముంచుకొచ్చింది. పెళ్లాం మాటను అక్కడికి ఆపాలని టీపాటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ మూతకు బందు వేసిస్తానుండండి. చిటికెలో పని."

"వద్దు!" అన్నారు అక్కాచెల్లెళ్లు, ఇద్దరూ ఒక్కసారే.