అద్దాల లంగా అడిగిన ఆఫీసు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. ఖమ్మంలో ఒక కంపెనీ బ్రాంచి తెరిస్తే, ఇంటికి దగ్గరని చేరాను. ఇల్లంటే పినపాక దాటాక అడవి అంచున ఉన్న మా తండా. అంత దగ్గరేం కాదు గానీ, హైదరాబాద్‌లో ఉన్నప్పటికంటే నయం.

చేరిన రోజే మేనేజర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు, ఇక్కడ సార్లు, మేడమ్‌లు లేరని, అందరం ఒక కుటుంబమని, పేరు పెట్టే పిలుచుకోవాలని. నేను నమ్మాను. కొద్ది రోజులకే క్యాంటీన్‌లో అదే మేనేజర్ అందరి ముందూ అడిగాడు, "నీకేంది, కోటాల వచ్చి ఉంటవ్ గదా?" అని.

"ప్రైవేటు కంపెనీల కోటా ఏడిది? మీరే కదా ఇంటర్వ్యూ జేసింది" అన్నాను.

"అరె, జోక్ చేసిన. గంత సీరియస్ ఎందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా టీ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు.

అయినా పనిలో నన్నెవరూ వేలెత్తి చూపలేదు. గోడౌన్లలో సరుకు లెక్క చూసే ప్రోగ్రామ్ మాది. దాన్ని కొనే విదేశీ కంపెనీవాళ్లు మా ఆఫీసు చూడటానికి వస్తున్నారని తెలిసినప్పుడు, టెస్టింగ్ గురించి వాళ్లకు వివరించే భాగం నాకే ఇచ్చారు. హాస్టల్ గదిలో మంచం మీద మా రూమ్మేటును కూర్చోబెట్టి, ఇంగ్లీషులో చెప్పిందే చెప్పి ప్రాక్టీసు చేశాను. పాపం, ఆ పిల్ల బీఈడీ చదువుతోంది. చివరికి గోడౌన్ సంగతులు నాకంటే గడగడా ఒప్పజెప్పేది.

ఆ వారంలోనే హెచ్ఆర్ మేడమ్ పిలిచింది. హైదరాబాద్ నుంచి వచ్చి పోతుండే మనిషి, ఆమెను మాత్రం అందరం మేడమ్ అనే అనేవాళ్లం. ఎప్పుడూ నవ్వు ముఖం.

"మీవాళ్ల డ్రెస్ ఉంటది కదా, అద్దాలది? నీ దగ్గర ఉందా?"

ముచ్చటపడి అడుగుతుందేమో అనుకున్నాను. "మా నాయనమ్మ దగ్గరుంది" అన్నాను.

"సూపర్! గెస్టులు రాంగనే వెల్‌కమ్ డాన్స్ పెడ్తున్నం. నువ్వు మధ్యలో ఉండు. ఇంకో నలుగురు అమ్మాయిలకు స్టెప్స్ నేర్పించు."

"నాకు డెమో ఉంది మేడమ్."

"అది వేరేవాళ్లకు ఇచ్చేసినం. ఆ డ్రెస్ మీద కాన్ఫరెన్స్ రూమ్‌ల డెమో అంటే బాగుండదు గదా."

ఆ మాట ఎంత మామూలుగా అన్నదో! ఆ డ్రెస్ వేసుకొమ్మన్నదీ ఆమే, అది వేసుకుంటే మాట్లాడే అర్హత పోతుందన్నదీ ఆమే. ఏం మాట్లాడినా ఏడుపొస్తుందని లేచి వచ్చేశాను.

ఆ శనివారం ఇంటికి వెళ్లి యాడికి చెప్పాను. మేము అమ్మను యాడి అంటాం. ఆమె మొక్కజొన్న ఒలుస్తూ విన్నది. మా నాయనమ్మకు ఆ బట్టలు డాన్సు బట్టలు కావు. కూలికి, సంతకు, భద్రాచలం దవాఖానాకు అవే కట్టుకుని పోయేది. బస్సులో ఆమె కూర్చుంటే పక్కనున్నవాళ్లు ముఖం చిట్లించి లేచి నిలబడేవాళ్లు. యాడి కూడా పెళ్లయిన కొత్తలో అవే కట్టేది. నన్ను బళ్లో చేర్పించిన ఏడు, మిగతా పిల్లలు ఆ బట్టలు చూసి నన్ను ఏడిపిస్తున్నారని చీరలోకి మారింది. ఈ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తం.

యాడి గింజలు ఒలవడం ఆపింది. "అప్పుడు ఇప్పెయ్యమన్నరు. ఇప్పుడు కట్టుకొమ్మంటున్నరా?" అని మా భాషలో అడిగింది. తర్వాత, "నీకు చెయ్యాలని ఉంటే చెయ్యి. లేకుంటే చెయ్యకు" అన్నది.

సోమవారం నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. డాన్స్ చెయ్యనన్నాను. డెమో నాకే కావాలన్నాను.

"అది నీ కల్చర్. నువ్వు గర్వపడాలె. గిట్ల నెగటివ్‌గా తీసుకుంటే ఎట్ల?"

"గర్వం ఉంది. అందుకే చెయ్యనంటున్న. మీరు పంచె గట్టుకొని తలుపు కాడ ఎగురుండ్రి, లోపల మీ ప్రెజెంటేషన్ నేనిస్త."

ఆయన ముఖం మాడిపోయింది. కుటుంబం అన్న మాట మళ్లీ ఎత్తలేదు. "నువ్వు ఎవరితో మాట్లాడుతున్నవో తెలుస్తుందా?" అన్నాడు. తెలుస్తుంది సార్, అన్నాను. అక్కడ ఆయన్ని ఎవరైనా సార్ అని పిలవడం అదే మొదటిసారి అనుకుంటా. వద్దనలేదు.

డెమో నా పక్క సీటు అబ్బాయికే ఖాయం చేశారు. ఖమ్మంలో గాజుల దుకాణం నడిపే సాయిబుల ఇంటివాడు, మంచివాడే. "నేను ఇయ్యనంటే నా మీద పడ్తరు. ఏం జేయమంటవ్?" అని అడిగాడు. నేను తయారుచేసిన స్లైడ్లు పంపించాను. అతని మీదా కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

గెస్టులొచ్చిన రోజు నేను మామూలు చుడీదార్‌లో నా సీట్లో పని చేసుకుంటూ కూర్చున్నాను. కొత్తగా చేరిన ఐదుగురు అమ్మాయిలకు కిరాయి బట్టలు తెచ్చి తొడిగారు. ప్లాస్టిక్ అద్దాలు, మెడలో పూసలు. సినిమా పాట పెట్టారు, అది మా పాట కూడా కాదు. వాళ్లలో ఎవరికీ తండా ఎలా ఉంటుందో తెలియదు. గెస్టులు చప్పట్లు కొట్టి ఫోటోలు దిగారు. తర్వాత తలుపు మూసుకుని డెమో జరిగింది. బాగానే జరిగిందట. మర్నాడు వాళ్లను భద్రాచలం తీసుకెళ్లి, దుమ్ముగూడెం దాకా గోదావరి చూపించి పంపారు.

ఆ తర్వాత వచ్చిన రివ్యూలో నా పనికి మంచి మార్కులే వేసి, కింద "టీమ్ స్పిరిట్ లేదు" అని పెట్టారు. ప్రమోషన్ ఆగింది. ఏ పనిలో టీమ్‌కు అడ్డం పడ్డానో ఒక్కటి చూపించమన్నాను. మేనేజర్ ల్యాప్‌టాప్ వైపు చూస్తూ, "అందరికీ తెలుసు" అన్నాడు.

వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు చేస్తున్నది ఇంటి నుంచి పని. ఆ కంపెనీ వదిలే ముందు హెచ్ఆర్ మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు మానేస్తున్నావని అడిగింది. మొదటి నుంచీ చెప్పాను. కోటా జోకుతో సహా. ఆమె తలూపుతూ టైపు చేసింది. స్క్రీన్ నాకు కనిపిస్తూనే ఉంది. "మెరుగైన అవకాశం కోసం" అని కొట్టింది.

"నేను చెప్పింది అది కాదు" అన్నాను.

"అందరికీ ఇట్లనే రాస్తం. నీకే మంచిది."

"నాకు మంచిదేందో నేను చూసుకుంట. నేను చెప్పింది కొట్టండి."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు, లేవలేదు. బయట ఎవరో తలుపు తట్టి వెళ్లారు. చివరికి ఆమె ఉన్నది చెరిపేసి, నేను ఒక్కో మాట చెబుతుంటే కొట్టింది. "డాన్స్" దగ్గర ఆగి, "ఇది కూడా అవసరమా?" అన్నది.

"అవ్. అదే ముందు రాయండి" అన్నాను.